మూడున్నర మిల్లీమీటర్ల చరిత్ర

మా నాన్నగారి కారులోని పాటల పెట్టెకు ఒక తీగ చేర్చడానికి 2013 వేసవిలో నాకు నాలుగు ఆదివారాలు పట్టింది. మెకానిక్కుకు అప్పగిస్తే అరపూటలో తేలిపోయే పని. అయితే ఆ నాలుగు ఆదివారాలలో నేను టంకం వేసిన సమయం కన్నా, ఆ తీగ చివరనున్న చిన్న ఇత్తడి పిన్ను ఎక్కడిది, ఎవరు చేశారు, ఇంతకాలం ఎట్లా నిలిచింది అని చదువుకున్న సమయమే ఎక్కువ. ఆ చదువును, ఆ పనిని కలిపి ఇక్కడ వ్రాసి పెడుతున్నాను. విద్యుత్ శాస్త్రం తెలిసిన మిత్రులకు కొన్ని సంగతులు మరీ చిన్నవిగా తోచవచ్చు, వారు మన్నించాలి.

ముందు ఆ అవసరం ఎట్లా వచ్చిందో చెప్పాలి. మా నాయనమ్మ మూడో తరగతికి మించి చదువుకోలేదు. కాని పోతన గజేంద్రమోక్షం మొదటి నుండి చివరి వరకు ఆమెకు కంఠస్థం. 1984లో మా నాన్నగారు పక్కింటి వారి టేపురికార్డరు అడిగి తెచ్చి, తెనాలిలోని మా ఇంటి పెరటి వసారాలో ఆమెను కూర్చోబెట్టి, అరవై నిమిషాల క్యాసెట్టు మీద ఆ పద్యాలను రికార్డు చేశారు. ఆ తరువాత రెండేళ్ళకు ఆమె పోయారు. ఆమె గొంతు మాకు మిగిలింది ఆ ఒక్క క్యాసెట్టులోనే.

1996లో నాన్నగారు మారుతి 800 కొన్నారు. అందులో పాటల పెట్టె కంపెనీ ఇచ్చినది కాదు. గుంటూరులో ఒక దుకాణంలో బిగించుకున్నది. రేడియో, క్యాసెట్టు మాత్రమే ఉన్న పెట్టె. ప్రతి ఆదివారం ఆయన తెనాలి నుండి గుంటూరు వెళ్ళేటప్పుడు ఆ క్యాసెట్టు పెట్టుకునేవారు. ఇంట్లో వినేవారు కాదు. "ఇంట్లో వింటే మీ అమ్మ ఏడుస్తుందిరా" అనేవారు. అమ్మ మాట ఎట్లా ఉన్నా, అసలు కారణం అది కాదేమోనని నాకు చాలా ఏళ్ళ తరువాత తోచింది.

పదిహేడేళ్ళు అరిగాక ఆ పెట్టె క్యాసెట్లను నమలడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం నాయనమ్మ టేపు బయటికి వచ్చేసరికి నాలుగు వేళ్ళ మేర నలిగి ఉంది. ఆ రోజు నాన్నగారు గుంటూరు వెళ్ళకుండా దారిలోనే వెనక్కి తిరిగి వచ్చేశారు.

నేను హైదరాబాదు నుండి వచ్చి చూశాను. క్యాసెట్టు లోపల టేపు వెనుక ఉండే చిన్న ఉన్ని మెత్త జిగురు ఎండి ఊడిపోయింది. టేపును హెడ్డుకు అదిమిపెట్టే మెత్త అది. అయిదు మరలు విప్పి, టేపు చుట్టలను మరో అరవై నిమిషాల క్యాసెట్టు డొల్లలోకి మార్చి, ఒక మంచి డెక్కు మీద ఒకే ఒక్కసారి మ్రోగించి కంప్యూటరులోకి ఎక్కించాను. నాయనమ్మ గొంతు ఇక పోదు. కాని నాన్నగారు వినేది కారులోనే కదా! "కొత్త పెట్టె వేయిస్తాను" అన్నాను. "వద్దు. ఆ పెట్టె తీయవద్దు" అన్నారు. ఎందుకని అడిగితే జవాబు చెప్పలేదు. కనుక ఫోనులోని శబ్దాన్ని ఆ పాత పెట్టెలోకే పంపే దారి వెదకవలసి వచ్చింది.

కారులోకి శబ్దం వచ్చిన కథ 1930లో మొదలయిందని చెప్పవచ్చు. అంతకుముందు కూడా కొందరు రేడియోలను కార్లలో బిగించుకున్నారు గాని, అమ్మకానికి నిలబడిన తొలి అమెరికా కారు రేడియోను చికాగోలో గాల్విన్ సోదరులు ఆ యేడు తయారుచేశారు. దానికి వారు పెట్టిన పేరు మోటరోలా. తరువాత కంపెనీ పేరే అదయింది. ఐరోపాలో 1932లో బ్లాపుంక్ట్ వారి రేడియో వచ్చింది. వాల్వులతో నడిచే ఆ రేడియోలకు వందకు పైబడిన వోల్టులు కావాలి. కారు బ్యాటరీ ఇచ్చేది నాటి లెక్కలో ఆరు. అందుకని మొదట విడిగా పెద్ద బ్యాటరీలు మోసుకు తిరిగారు. తరువాత వైబ్రేటరు అనే పరికరం వచ్చింది. అది బ్యాటరీ ప్రవాహాన్ని క్షణానికి వంద సార్లో అంతకన్నా ఎక్కువో తెంచి కలుపుతూ, ట్రాన్స్‌ఫార్మరు ద్వారా వోల్టేజిని పెంచేది. అది చేసే ఝుంకారం పాటలో కలిసిపోయేది. కారులో పాటకూ ఇంజను రొదకూ ఉన్న వైరం నాటిదే. నా తీగలో కూడా అది తల ఎత్తింది, ఆ సంగతి తరువాత చెబుతాను. 1955లో క్రైస్లర్ కార్లలో పూర్తిగా ట్రాన్సిస్టర్లతో నడిచే రేడియో వచ్చాక ఆ బరువంతా దిగిపోయింది.

రేడియో వచ్చాక మనిషికి మరో కోరిక పుట్టింది. కేంద్రం వారు వేసేది కాదు, తనకు కావలసినది వినాలి. 1956 నమూనా క్రైస్లర్ కార్లలో ఏకంగా గ్రామఫోను పెట్టారు. అందుకోసం నిమిషానికి 16⅔ చుట్లు తిరిగే ప్రత్యేకమైన ఏడంగుళాల రికార్డులు చేయించారు. ఆ రికార్డులు వేరే చోట దొరకవు; ఇంట్లోని రికార్డులు కారులో పనికిరావు. కొద్ది ఏళ్ళలోనే ఆ వేడుక ముగిసింది. 1964లో విలియమ్ లియర్ ఎనిమిది ట్రాకుల టేపు పెట్టెను రూపొందించాడు. 1966 నమూనా ఫోర్డు కార్లలో అది వచ్చింది. ఈ లియరే ముప్పై యేళ్ళ క్రితం గాల్విన్ సోదరుల రేడియోకు కూడా తోడ్పడినవాడు. అమెరికాలో ఒక దశాబ్దం పైగా అది రాజ్యమేలింది. చివరికి దానిని కూడా ఓడించినది 1963లో బెర్లిన్ ప్రదర్శనలో ఫిలిప్స్ వారు చూపిన చిన్న క్యాసెట్టు.

ఆ క్యాసెట్టు గెలవడానికి శబ్దం బాగుండడం కారణం కాదు. మొదట్లో దాని శబ్దం అంతంత మాత్రమే. టేపు వెడల్పు నాలుగు మిల్లీమీటర్ల లోపు. క్షణానికి అయిదు సెంటీమీటర్లు కూడా నడవదు. అది మాటలు రికార్డు చేసుకోవడానికి ఉద్దేశించినది. కాని ఫిలిప్స్ వారు ఇతర తయారీదారులకు దానిని ఉచితంగా వాడుకోనిచ్చారు, కొలతలు మాత్రం మార్చరాదన్న షరతుతో. దానితో జపానులో చేసిన క్యాసెట్టు జర్మనీలో చేసిన పెట్టెలో మ్రోగింది. మన దేశంలో 1980 దశకంలో దీని ఫలితం ఎట్లా ఉండిందో పీటర్ మాన్యుయెల్ 1993లో వెలువరించిన 'క్యాసెట్ కల్చర్' అన్న గ్రంథం ఉత్తర భారతాన్ని దృష్టిలో పెట్టుకొని వివరిస్తుంది. అప్పటిదాకా ఎవరి గొంతు నిలవాలో గ్రామఫోను కంపెనీ నిర్ణయించేది. క్యాసెట్టు వచ్చాక భజన మండళ్ళు, బుర్రకథ దళాలు, ఊరి హరిదాసు వరకు ఎవరి గొంతైనా నిలిచే అవకాశం వచ్చింది. మూడో తరగతి చదివిన మా నాయనమ్మ గొంతు నిలిచింది కూడా అందువల్లనే.

ఇక పిన్ను సంగతి. ఫోనుకూ పాటల పెట్టెకూ మధ్య వాడే ఈ మూడున్నర మిల్లీమీటర్ల పిన్ను సంగీతం కోసం పుట్టినది కాదు. దీని పెద్దన్న పావు అంగుళం పిన్ను. గిటారులకు, పెద్ద యాంప్లిఫయర్లకు నేటికీ వాడుతున్నది. అది టెలిఫోను ఎక్స్ఛేంజిలో పుట్టింది. 1878లో అమెరికాలోని న్యూహేవెన్‌లో తొలి వాణిజ్య ఎక్స్ఛేంజి తెరిచారు. మన దేశంలో 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలలో తెరిచారు. ఒక చందాదారు తీగను మరొకరి తీగకు కలపాలంటే మనిషి చేయి కావాలి. చికాగోకు చెందిన చార్లెస్ స్క్రిబ్నర్ ఆ పనిని సులువు చేయడానికి ఒక స్ప్రింగు మీటను కనిపెట్టాడు. మామూలు వేళ ఆ మీట ఒక లోహపు మొనను తాకి ఉంటుంది. రంధ్రంలోకి పిన్ను దూర్చగానే మీట పక్కకు జరిగి, పాత సంబంధం తెగి, పిన్నుతో కొత్త సంబంధం ఏర్పడుతుంది. పిన్ను లాగేస్తే మళ్ళీ మొదటికి వస్తుంది. ఆ అమరిక మడత చాకును పోలి ఉండడం వలననే దానికి జాక్ అన్న పేరు వచ్చిందంటారు.

నా చిన్నతనంలో మా తాలూకా ఊళ్ళ తపాలా కార్యాలయాలలో ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి కూర్చున్నవారికి ఆ బల్ల గుర్తుండే ఉంటుంది. నిలువు పలక నిండా రంధ్రాలు, కింద వరుసగా పిన్నులు, మెడకు మైకు తగిలించుకున్న ఆపరేటరు. ఒక పిన్ను ఇటు, ఒక పిన్ను అటు. బెజవాడ పలికేది.

1950ల నాటి ట్రాన్సిస్టరు రేడియోలకు ఆ పావు అంగుళం పిన్ను మరీ పెద్దదయింది. అందుకని దానిని కుదించి మూడున్నర మిల్లీమీటర్లు చేశారు. 1979 జులై 1న సోనీ వారి వాక్‌మన్ వచ్చాక, ఎడమ కుడి రెండు శబ్దాలనూ మోసే మూడు భాగాల పిన్నుగా అది ప్రపంచమంతటా నాటుకుపోయింది. మొనలో ఎడమ శబ్దం, నడుమ కడియంలో కుడి శబ్దం, మొదలు తొడుగులో భూమి. మొన, కడియం అన్న ఆ పేర్లు కూడా ఎక్స్ఛేంజి ఆపరేటర్ల నుండి వచ్చినవే. టెలిఫోను తీగలు రెండింటికి వాటితోనే పేర్లు పెట్టుకున్నారు.

ఇంత పాత పిన్ను ప్రపంచమంతటా ఉన్నా, కారు పెట్టెలలో దానికి తగిన రంధ్రం మాత్రం చాలాకాలం లేదు. పెట్టెకు డ్యాష్‌బోర్డులో 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు గల చోటుండాలని జర్మనీ వారు ప్రమాణం ఏర్పరిచారు. ప్రపంచం దానిని అంగీకరించింది. నాన్నగారి పెట్టె గుంటూరు దుకాణంలో అంత తేలికగా అమరినది ఆ పుణ్యమే. కాని శబ్దం లోపలికి వెళ్ళే దారి విషయంలో అటువంటి ఒప్పందం కుదరలేదు. 1984లో కార్లకు కాంపాక్ట్ డిస్కు పెట్టెలు వచ్చాక, డిక్కీలో డిస్కులు మార్చే యంత్రం పెట్టి దానిని ముందున్న పెట్టెకు కలిపే ఏర్పాటు వచ్చింది. ఐరోపా పెట్టెలలో వెనుకవైపు ఇరవై పిన్నుల సాకెట్టు ఉంటుంది. అందులో నీలిరంగు భాగంలో ఎడమ, కుడి, భూమి తీగలు మూడూ ఉన్నాయి. వాటికి తీగ తగిలిస్తే చాలుననిపిస్తుంది, కాని చాలదు. డిక్కీలోని యంత్రం "నేనున్నాను" అని సంకేత భాషలో జవాబు చెబితే తప్ప పెట్టె ఆ ద్వారం తెరవదు. ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క భాష. కొందరు ఔత్సాహికులు డిక్కీలో అసలు యంత్రాన్ని ఉంచి, శబ్దం లేని ఖాళీ డిస్కును తిప్పుతూ, ఆ తీగల మీద తమ పాటను ఎక్కించేవారు. మరి కొందరు చిన్న చిప్పుకు ఆ భాష నేర్పి పెట్టెను నమ్మించేవారు.

ఆ తెలివి కూడా లేనివారికి మరో రెండు మార్గాలు ఉండేవి. ఒకటి, తోకకు తీగ ఉన్న ఉత్తుత్తి క్యాసెట్టు. అందులో టేపు ఉండదు. టేపు ఉండవలసిన చోట ఒక చిన్న హెడ్డు ఉండి, పెట్టెలోని హెడ్డుకు ఎదురుగా నిలిచి అయస్కాంత క్షేత్రంతో దానికి పాట వినిపిస్తుంది. రెండవది, చిన్న ఎఫ్.ఎం. ప్రసారిణి. 88కీ 108కీ మధ్య ఖాళీగా ఉన్న చోట పాటను పంపితే కారు రేడియో అందుకుంటుంది. నాన్నగారి పెట్టె ఉత్తుత్తి క్యాసెట్టును కూడా నమిలి రెండు నిమిషాలకొకసారి దిశ మార్చింది. ప్రసారిణి విషయానికి వస్తే, తెనాలి దాటి గుంటూరు సమీపించేసరికి నాయనమ్మ పద్యంలోకి సబ్బుల ప్రకటన చొరబడింది. నాన్నగారు ఏమీ అనకుండా చేయి చాచి పెట్టె ఆపేశారు.

ఇక మిగిలింది పెట్టె విప్పడం.

మొదటి ఆదివారం తప్పు చేశాను. క్యాసెట్టు హెడ్డు నుండి వచ్చే సన్నని తీగలకే ఫోను శబ్దాన్ని కలిపాను. పీపాలో నుండి అరిచినట్లు వచ్చింది. తరువాత చదివితే కారణం తెలిసింది. హెడ్డు నుండి వచ్చే సంకేతం వోల్టులో వెయ్యోవంతు కూడా ఉండదు; ఫోను ఇచ్చేది అర వోల్టు పైమాట. పిల్లవాడి చెవిలో మేళం ఊదినట్లన్నమాట. అదీగాక, టేపు మీద మంద్ర స్వరాలు బలహీనంగా వస్తాయి కనుక పెట్టె వాటిని పెంచి ఇస్తుంది. పెంచనక్కరలేని శబ్దాన్ని కూడా అట్లాగే పెంచడం వలన ఆ పీపా గొంతు.

రెండవ ఆదివారానికి సరైన చోటు దొరికింది. రేడియో అయినా క్యాసెట్టు అయినా, ఏది ఎంచుకుంటే దాని శబ్దం వాల్యూమ్ కంట్రోలు వద్దకు వస్తుంది. అక్కడికి వచ్చేసరికి అది ఫోను ఇచ్చే శబ్దంతో తూగే స్థాయిలో ఉంటుంది. అక్కడ దారిని తెంచి, నడుమ మన సాకెట్టు పెట్టాలి. కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్ళి, లోపల తెగే మొనలు ఉన్న మూడున్నర మిల్లీమీటర్ల సాకెట్టు, షీల్డు వైరు, 2.2 మైక్రోఫారడ్ కండెన్సర్లు రెండు కొన్నాను. సర్క్యూటు పలక మీద రాగి దారులు రెండింటిని బ్లేడుతో తెంచాను. రేడియో వైపు నుండి వచ్చే కొసలను సాకెట్టు మొనలకు, సాకెట్టు మీటలను కండెన్సర్ల గుండా వాల్యూమ్ కంట్రోలుకు కలిపాను. పిన్ను దూర్చకపోతే రేడియో ఎప్పటిలాగే మ్రోగుతుంది. దూర్చితే మీట జరిగి, రేడియో దారి తెగి, ఫోను దారి కలుస్తుంది.

టంకం చల్లారుతుండగా నాకు వెలిగింది. ఇది స్క్రిబ్నర్ మీట. చికాగోలో నూట ముప్పై యేళ్ళకు పైగా క్రితం టెలిఫోను చందాదారుల కోసం కనిపెట్టినది, నా వ్రేలి గోరంత సైజులో, తెనాలిలో మా నాయనమ్మ పద్యానికి దారి ఇస్తున్నది.

ఇట్టి పని చేయదలచిన వారికి ఒక హెచ్చరిక. స్పీకరు తీగలలో ఒకటి తప్పక భూమి అనుకొని దానిని కారు శరీరానికి కలపరాదు. చాలా పెట్టెలలో స్పీకరు తీగలు రెండూ ప్రాణం ఉన్నవే. కలిపితే లోపలి ఐ.సి. కాలిపోతుంది.

మూడవ ఆదివారం ఇంజను స్టార్టు చేస్తే పాట వెనుక సన్నని ఈల. వేగం పెంచితే ఈల పైకి పోతుంది. ఫోను కారు ఛార్జరుకు తగిలించి ఉంది. భూమికి రెండు దారులు ఏర్పడి, ఆ వలయంలో ఆల్టర్నేటరు రొద చేరింది. ఛార్జరు తీసేస్తే ఈల ఆగింది. కాని నాన్నగారి ఫోను సగం దారిలో ఆగిపోతుంది. రెండు వైపులా తీగ తగలకుండా శబ్దాన్ని మాత్రం దాటించే చిన్న ట్రాన్స్‌ఫార్మరు కావాలి. అటక మీద పాత డయలప్ మోడెములు రెండు ఉన్నాయి. మనలో చాలామంది అంతర్జాలంలో తొలి తెలుగు అక్షరాలు చూసింది అటువంటి పెట్టెల గరగర మధ్యనే కదా. టెలిఫోను తీగను కంప్యూటరు నుండి వేరు చేయడానికి వాటిలో 600 ఓముల ట్రాన్స్‌ఫార్మరు ఒక్కొక్కటి ఉంటుంది. రెండూ ఊడబెరికి, ఒక సున్నపు డబ్బీలో అమర్చి తీగ మధ్యలో పెట్టాను. ఈల పోయింది. అది టెలిఫోను మాటల కోసం చేసినది కనుక తబలా లోతు రాదు. పద్యానికి చాలు.

నాలుగవ ఆదివారం నాన్నగారిని ఎక్కించుకొని గుంటూరు దారి పట్టాను. పిన్ను దూర్చాను. నాయనమ్మ మొదలుపెట్టారు. ఈల లేదు, గరగర లేదు. కంప్యూటరులోకి ఎక్కించాక నేను చాలా శుభ్రం చేశాను. టేపు బుసను తగ్గించాను, పద్యానికీ పద్యానికీ నడుమ ఖాళీలను కత్తిరించాను. నాలుగు పద్యాలయ్యాక నాన్నగారు నా వైపు చూశారు.

"ఏరా, గిలక చప్పుడేదీ?"

నాకు అర్థం కాలేదు.

"మూడో పద్యం అయ్యాక మీ తాతయ్య నీళ్ళు తోడతాడు. గిలక కిర్రుమంటుంది. అమ్మ ఆగి, 'మెల్లగానండీ' అంటుంది. అదేదీ?"

ఆ ఖాళీలలో ఏముందో నేను వినలేదు. పద్యమే చరిత్ర అనుకొన్నాను, మిగతాది చెత్త అనుకొన్నాను. ఆ క్యాసెట్టులో మా తాతయ్య కూడా ఉన్నారు. ఆయన మాట ఒక్కటి కూడా లేదు, ఆయన తోడిన చేద ఉంది. ఇన్నేళ్ళుగా నాన్నగారు ఆదివారం ఆదివారం గుంటూరు దారిలో తలిదండ్రులిద్దరినీ వింటున్నారు. ఆ గిలక ఆ పెట్టెలో, ఆ స్పీకర్లలో కిర్రుమన్న తీరే ఆయనకు తెలుసు. పెట్టె మార్చవద్దని ఎందుకన్నారో అప్పుడు తెలిసింది.

అదృష్టవశాత్తు మొదట ఎక్కించిన ఫైలును చెరపలేదు. మరుసటి ఆదివారం దానినే ఉన్నదున్నట్లు ఫోనులో పెట్టాను.

ఆ తరువాతి కథ మీకు తెలిసినదే. నేను ఆ తీగ చేస్తున్న నాటికే ఐపాడు కోసం 2003లో వచ్చిన ముప్పై పిన్నుల సాకెట్టును ఆ కంపెనీ 2012లో వదిలివేసింది. దాని కోసం కార్లలో బిగించిన తీగలన్నీ అనాథలయ్యాయి. తరువాత వచ్చిన మరో సాకెట్టును కూడా ఫోనులలో 2023 నుండి వదలడం మొదలుపెట్టింది. మూడున్నర మిల్లీమీటర్ల రంధ్రాన్ని 2016లోనే తన ఫోనులలో నుండి తీసివేసింది; ఇతరులు చాలామంది అదే దారి పట్టారు. అమెరికాలో క్యాసెట్టు పెట్టెతో వచ్చిన చివరి కొత్త కారు 2010 నమూనా లెక్సస్ అని చెబుతారు.

ఈ చరిత్ర చదివినప్పుడల్లా నాకు మన తెలుగు ఖతుల గోల గుర్తుకు వస్తుంది. ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క ఖతి, ఒకదానిలో వ్రాసినది మరొకచోట పిచ్చి గీతలు. 1991లోనే యూనికోడులో తెలుగుకు చోటు దొరికినా, మనం దానిని అందిపుచ్చుకోవడానికి పుష్కరం పైగా పట్టింది. సొంత ఖతులలో కూర్చిన ఎన్నో పేజీలు నేడు ఎవరూ చదవలేరు. నాడు యూనికోడులో వ్రాసుకున్న చిన్న పద్యం కూడా ఏ ఫోనులోనైనా తెరుచుకుంటుంది. ఎవరి అనుమతీ అడగనక్కరలేని ఒప్పందంలో చేరిన వస్తువే ఎక్కువ కాలం బ్రతికినట్లు కనిపిస్తున్నది. మా నాయనమ్మ గొంతు నాలుగు తీరుల పరికరాలు దాటి రాగలిగినది అటువంటి రెండు ఒప్పందాల వలన: ఫిలిప్స్ వారి క్యాసెట్టు కొలత ఒకటి, ఎక్స్ఛేంజి పిన్ను ఒకటి.

2019లో కారు అమ్మివేశాం. అమ్మేముందు పెట్టెను, స్పీకర్లను నేనే విప్పి తెచ్చి పుస్తకాల బీరువా మీద పెట్టి, 12 వోల్టుల అడాప్టరు తగిలించాను. నాన్నగారికి ఇప్పుడు ఎనభై దాటాయి. నా ఫోనుకు రంధ్రం లేదు కనుక చిన్న తోక ఒకటి కొని, దానికి సున్నపు డబ్బీ తీగను కలిపి వాడుతున్నాను. ఆదివారం ఉదయం ఆయన కుర్చీ జరుపుకొని కూర్చుంటారు. అమ్మ కూడా వింటుంది. ఇంతవరకు ఏడవలేదు.

మీ ఇళ్ళలో ఇటువంటి క్యాసెట్లు ఉంటే ఈ వారమే బయటికి తీయండి. మ్రోగించే ముందు టేపు వెనుక మెత్త ఉన్నదో లేదో చూడండి. ఎక్కించాక అసలు ఫైలును అట్లాగే ఒకచోట దాచండి. పద్యాల నడుమ ఖాళీలను మాత్రం కత్తిరించకండి.